ఆగస్టు 16 ఎల్విస్ ఒక్కడి రోజు కాదు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా కళాశాల కమ్యూనిటీ రేడియోలో 'చరిత్రలో ఈ రోజు' కార్యక్రమం చేస్తున్నాను. ఆగస్టు 16న పాశ్చాత్య సంగీతం గురించి అరగంట మాట్లాడాలి. ఎల్విస్ ప్రెస్లీ ఆ రోజు చనిపోయాడని తెలుసు. ఇంకేమేం జరిగాయో జాబితా ఇవ్వగలరా?"

జాబితా ఇస్తాను. దాన్ని జాబితాగా మాత్రం చదవవద్దని ముందే కోరుతున్నాను. రేడియోకు ఇలాంటి శీర్షికలు చాలా ఏళ్లు రాశాను. తేదీని పట్టుకుని సంఘటనలు ఏరితే సాధారణంగా పొంతన లేని ముక్కలే దొరుకుతాయి. ఒకరు పుట్టారు, ఒకరు పోయారు, ఫలానా రికార్డు విడుదలైంది. కార్యక్రమం ముగిసేసరికి వినేవారికి వాటిలో ఒక్కటీ గుర్తుండదు. ఆగస్టు 16 సంగతి వేరు. ఆ తేదీన ముగ్గురు గాయకులు పోయారు: 1938లో రాబర్ట్ జాన్సన్, 1977లో ఎల్విస్ ప్రెస్లీ, 2018లో అరీతా ఫ్రాంక్లిన్. ముగ్గురికీ ఒకే తేదీ రావడం కాకతాళీయమే, అందులో వెతకవలసిన అర్థం లేదు. కానీ ముగ్గురి మూలాలూ మిసిసిపీ రాష్ట్రంలోనే ఉన్నాయి, ముగ్గురి జీవితాలూ పక్కనున్న టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరాన్ని తాకాయి. ఒకరి కథలో కనిపించిన మనుషులే మరొకరి కథలో మళ్లీ ఎదురవుతారు. అమెరికా జనప్రియ సంగీతం ఎక్కడ పుట్టి ఎలా నడిచిందో ఈ ముగ్గురితోనే చెప్పవచ్చు. మీ అరగంటకు అది సరిపోయే విషయం, నిజానికి ఎక్కువే.

జాన్సన్‌తో మొదలుపెట్టండి. మన శ్రోతల్లో అతని పేరు విన్నవారు తక్కువ కాబట్టి కాస్త నిదానంగా చెప్పండి.

మిసిసిపీ రాష్ట్రానికి వాయవ్య భాగంలో ఉన్న చదునైన నల్లరేగడి ప్రాంతాన్ని డెల్టా అంటారు. పత్తి పండే నేల. బానిసత్వం చట్టరీత్యా పోయిన తర్వాత కూడా అక్కడి నల్లజాతి కుటుంబాలు భూస్వాముల చేలల్లో పాలికి సాగు చేస్తూ, ఏ ఏటికా ఏడు తీరని అప్పుతో బతికాయి. ఆ చేలల్లో, శనివారం రాత్రి జనం తాగి నాట్యమాడే పల్లె పాకల్లో బ్లూస్ అనే నల్లజాతి జనం పాట పెరిగింది. జాన్సన్ 1911లో హేజిల్‌హర్స్ట్‌లో పుట్టాడు. చిన్నతనంలో కొంతకాలం మెంఫిస్‌లో పెరిగాడు, తర్వాత డెల్టాకు వచ్చాడు. గిటార్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పాడాడు. రికార్డుల కోసం పాడిన సందర్భాలు రెండే. 1936 నవంబరులో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఒక హోటల్ గదిలో, 1937 జూన్‌లో డల్లస్‌లో ఒక గిడ్డంగి భవనంలో. రెండూ కలిపి 29 పాటలు. అతను లోకానికి వదిలి వెళ్లింది అంతే.

ఆ పాటలు మొదటిసారి విన్నవారికి ఇద్దరు వాయిస్తున్నారనే అనిపిస్తుంది. బొటనవేలు కింది తీగల మీద ఆగని నడక నడుస్తుంటే, మిగతా వేళ్లు పై తీగల మీద గొంతుకు జవాబిస్తుంటాయి. వాయిస్తున్నది ఒక్కడే. మీ కార్యక్రమంలో ఏదో ఒక పాట నుంచి అర నిమిషమైనా వినిపించండి. ఎంత వర్ణించినా ఆ పట్టు మాటల్లోకి రాదు.

1938 ఆగస్టులో అతను గ్రీన్‌వుడ్ ఊరి దగ్గర ఒక పల్లె పాకలో పాడుతున్నాడు. అక్కడే జబ్బుపడి 16వ తేదీన చనిపోయాడు. వయసు 27. విస్కీలో విషం కలిపారని, దానికి కారణం ఒక భర్త అసూయ అని తోటి గాయకులు చెప్పుకున్నారు. వ్యాధితో పోయాడని మరో వాదం. ఇప్పటికీ తేలలేదు. అతని మరణ ధ్రువీకరణ పత్రం గేల్ డీన్ వార్డ్‌లో అనే పరిశోధకుడికి 1968లో, అంటే ముప్పై ఏళ్లకు, దొరికింది. మరణ కారణం రాయవలసిన చోట "డాక్టర్ లేడు" అన్న మాట ఉంది. డెల్టాలో ఒక నల్లజాతి కళాకారుడి చావుకు ఆనాడు దక్కిన విలువ ఆ రెండు మాటల్లో ఉంది. సమాధి ఎక్కడన్నదీ వివాదమే. మూడు వేర్వేరు చోట్ల మూడు స్మారక శిలలు నిలబెట్టారు. వాటిలో ఒకటి గ్రీన్‌వుడ్‌కు ఉత్తరాన మనీ రోడ్డు మీద, లిటిల్ జయాన్ చర్చి ఆవరణలో ఉంది. అదే రోడ్డు చేరే మనీ అనే ఊరి నుంచే 1955లో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ని ఎత్తుకుపోయి చంపారు. బ్లూస్ పాటల్లోని భయం కవితాత్మకమైన అలంకారం కాదని శ్రోతలకు తెలియాలంటే ఈ సంగతి చెప్పాలి.

జాన్సన్ గురించి ఎవరు మాట్లాడినా నాలుగుదారుల కూడలిలో సైతానుకు ఆత్మను అమ్మి గిటార్ విద్య పొందాడన్న కథ వస్తుంది. దయచేసి దాన్ని నిజంలా చెప్పవద్దు. ఆ కథ మొదట మరో బ్లూస్ గాయకుడు టామీ జాన్సన్ గురించి అతని సోదరుడు చెప్పినది. ఇంటిపేరు ఒకటే తప్ప ఇద్దరికీ చుట్టరికం లేదు. తర్వాతి కాలంలో అది రాబర్ట్‌కు అంటుకుంది. కూడలి గురించి రాబర్ట్ పాడిన పాట ఉన్నమాట నిజమే, కానీ అందులో సైతాను ఊసే లేదు. పొద్దు గుంకుతుండగా కూడలిలో నిలబడి, ఎవరైనా బండి ఆపి ఎక్కించుకుంటారేమోనని ఎదురుచూస్తూ, మోకాళ్ల మీద పడి దేవుణ్ని కరుణించమని వేడుకునే మనిషి పాట అది. తెలియని ఊళ్లో చీకటి పడ్డాక ఒంటరిగా దొరికిన నల్లజాతి వాడికి ఆ రోజుల్లో ఏమయ్యేదో తలచుకుంటే, ఆ పాటకు ఏ సైతానూ అక్కరలేదు.

ఇక విద్య సంగతి. మొదట్లో అతను అంతంతమాత్రంగా వాయించేవాడని, కొంతకాలం కనబడకుండా పోయి తిరిగి వచ్చేసరికి అందరూ నోరెళ్లబెట్టారని పెద్ద గాయకుడు సన్ హౌస్ చెప్పాడు. ఆ మధ్యకాలంలో జాన్సన్ తన పుట్టిన ప్రాంతానికి వెళ్లి ఐక్ జిమ్మర్‌మన్ అనే గిటార్ విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నాడు. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉంటుందని, ఎవరికీ నిద్రాభంగం కాదని ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారట. గురువు దగ్గర రాత్రింబవళ్లు చేసిన సాధనను సైతాను ఖాతాలో వేయడం ఆ కళాకారుడికి చేసే అన్యాయం. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అందుకే ఇంత దూరం రాశాను.

ఇక్కడ జాన్ హ్యామండ్‌ను ప్రవేశపెట్టండి. మొత్తం కథను కుట్టే దారం ఆయనే. న్యూయార్క్‌లో సంపన్న కుటుంబంలో పుట్టిన తెల్లజాతి వ్యక్తి, రికార్డు నిర్మాత, నల్లజాతి సంగీతం మీద అపారమైన మక్కువ ఉన్నవాడు. 1938 డిసెంబరు 23న కార్నెగీ హాల్‌లో నల్లజాతి సంగీతాన్ని భజనల నుంచి స్వింగ్ అనే జాజ్ నాట్య సంగీతం దాకా ఒకే వేదిక మీద చూపే కచేరీ ఏర్పాటు చేశాడు. దానికి రాబర్ట్ జాన్సన్‌ను పిలిపించాలనుకున్నాడు. వెతికిస్తే, చనిపోయాడని తెలిసింది. అతని స్థానంలో బిగ్ బిల్ బ్రూన్జీ పాడాడు. అయినా హ్యామండ్ ఊరుకోలేదు. వేదిక మీద గ్రామఫోను పెట్టించి జాన్సన్ రికార్డులు సభకు వినిపించాడు. చనిపోయి నాలుగు నెలలైన డెల్టా గాయకుడి గొంతు, దేశంలోకెల్లా ప్రతిష్ఠాత్మకమైన ఆ హాలులో మోగింది. 1961లో హ్యామండ్ పనిచేస్తున్న కొలంబియా కంపెనీయే జాన్సన్ పాటలను తొలిసారి లాంగ్ ప్లే రికార్డుగా తెచ్చింది. విడుదలకు ముందే ఆ రికార్డును హ్యామండ్ తన కొత్త గాయకుడొకరి చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు బాబ్ డిలన్. అట్లాంటిక్‌కు అవతల బ్రిటన్‌లో ఎరిక్ క్లాప్టన్, రోలింగ్ స్టోన్స్ వంటి రాక్ కళాకారులు ఆ పాటలు విని పెరిగారు. బతికుండగా డెల్టా దాటి పెద్దగా ఎవరికీ తెలియని మనిషి, చనిపోయిన పాతికేళ్లకు రాక్ సంగీతానికి గురువయ్యాడు.

ఇక ఎల్విస్. మీ శ్రోతలకు ఎంతోకొంత తెలిసిన పేరే కాబట్టి అతని విషయంలో ఎంపిక చేసి చెప్పండి. 1935 జనవరి 8న మిసిసిపీలోని టుపెలోలో రెండు గదుల చెక్క ఇంట్లో పుట్టాడు. తల్లిదండ్రులు నిరుపేదలు. 1948లో కుటుంబం మెంఫిస్ చేరింది. ఆ నగరంలో తెల్లవారి చర్చిలు వేరు, నల్లవారి చర్చిలు వేరు, రేడియో తరంగాలకు మాత్రం గోడలు లేవు. ఎల్విస్ నల్లజాతి రేడియో స్టేషన్లు విన్నాడు, ఈస్ట్ ట్రిగ్ బాప్టిస్ట్ చర్చికి వెళ్లి గాస్పెల్ అనే క్రైస్తవ భక్తి గానం విన్నాడు. 1954 జూలై 5న యూనియన్ అవెన్యూలోని శామ్ ఫిలిప్స్ చిన్న స్టూడియోలో, గిటార్‌తో స్కాటీ మూర్, బేస్‌తో బిల్ బ్లాక్ తోడుగా, డ్రమ్స్ కూడా లేకుండా ఒక పాత బ్లూస్ పాట అందుకున్నాడు. దాన్ని రాసి మొదట పాడింది ఆర్థర్ క్రూడప్, అతనూ మిసిసిపీ మనిషే. ఆ పాటతో ఎల్విస్ జీవితం మారింది. క్రూడప్‌కు రావలసిన రాయల్టీ మాత్రం చనిపోయేదాకా పూర్తిగా అందలేదు. రెండు వాక్యాలూ పక్కపక్కనే చెప్పండి. ఎల్విస్‌ను దొంగ అనడం తప్పు. అతను ఆ సంగీతాన్ని మనసారా ప్రేమించాడు, ఎక్కడ నేర్చుకున్నాడో దాచలేదు. కానీ డబ్బు ఏ దిక్కుగా ప్రవహించిందో దాచడమూ తప్పే.

1977 ఆగస్టు 16, మంగళవారం. ఆ రాత్రి విమానమెక్కి మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ వెళ్లాలి, మరునాటి నుంచి కొత్త కచేరీ యాత్ర. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మెంఫిస్‌లోని తన ఇల్లు గ్రేస్‌ల్యాండ్ భవనంలో, స్నానాల గదిలో స్పృహ లేకుండా పడి ఉండగా చూశారు. బాప్టిస్ట్ మెమోరియల్ ఆసుపత్రిలో మూడున్నరకు మరణించినట్టు ప్రకటించారు. వయసు 42. గుండె లయ తప్పడమే కారణమని మెడికల్ ఎగ్జామినర్ చెప్పాడు. శరీరంలో దొరికిన రకరకాల మందుల పాత్ర గురించి వాదన దశాబ్దాలు సాగింది, అతని వైద్యుడి లైసెన్సు 1990లలో రద్దయింది. మీరు కారణాల జోలికి లోతుగా పోకపోవడమే మంచిది. ఎల్విస్ ఇంకా బతికే ఉన్నాడన్న వదంతులకైతే ఒక్క వాక్యం కూడా కేటాయించవద్దు. తల్లి గ్లాడిస్ అంటే అతనికి ప్రాణమని, ఆమె పోయింది కూడా ఆగస్టులోనే, 1958లో 14వ తేదీన అని చెప్పండి. మొదట అతన్ని ఖననం చేసిన శ్మశానంలోనే తల్లి సమాధి ఉండేది. 1977 అక్టోబరులో ఇద్దరినీ గ్రేస్‌ల్యాండ్ తోటకు మార్చారు. ఇప్పటికీ ప్రతి ఏటా ఆగస్టు 15 సాయంత్రం అభిమానులు కొవ్వొత్తులు పట్టుకుని అక్కడ బారులు తీరుతారు.

నా మనసు ఎక్కువగా లాగేది అరీతా వైపే. 1942 మార్చి 25న మెంఫిస్‌లో, లూసీ అవెన్యూలోని ఒక చిన్న ఇంట్లో పుట్టింది. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ మిసిసిపీ డెల్టాలోని సన్‌ఫ్లవర్ కౌంటీలో పత్తి చేల మధ్య పుట్టి మత బోధకుడైనవాడు. బఫెలో మీదుగా ఆ కుటుంబం డెట్రాయిట్ చేరింది. ఆ దశాబ్దాల్లో దక్షిణాది నుంచి లక్షలాది నల్లజాతి కుటుంబాలు కార్ల ఫ్యాక్టరీల పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వలస వెళ్లాయి, వాటితోపాటే పాటా వెళ్లింది. డెట్రాయిట్‌లో న్యూ బెథెల్ బాప్టిస్ట్ చర్చి పీఠం మీద ఫ్రాంక్లిన్ ప్రసంగం ఎలా ఉండేదంటే, మన హరిదాసు మాటగా మొదలుపెట్టిన కథ తెలియకుండానే పద్యంలోకి, పాటలోకి జారిపోయినట్టు ఉండేది. ఆ ప్రసంగాలు గ్రామఫోను రికార్డులుగా దేశమంతా అమ్ముడుపోయాయి. అరీతా పాట నేర్చింది ఆ పీఠం పక్కన పియానో మీద. తల్లిని పదేళ్ల వయసు నిండే వేళకు పోగొట్టుకుంది. పద్నాలుగేళ్లకు ఆ చర్చిలోనే తొలి రికార్డు.

1960లో పద్దెనిమిదేళ్ల అరీతాను కొలంబియా కంపెనీకి తెచ్చింది ఎవరనుకున్నారు? జాన్ హ్యామండే. ఇరవై రెండేళ్ల క్రితం రాబర్ట్ జాన్సన్ కోసం వెతికించిన అదే మనిషి. మీ కార్యక్రమానికి ఇదే మలుపు. ఇక్కడ ఒక క్షణం ఆగి శ్రోతలను ఆ పేరు గుర్తు చేసుకోనివ్వండి.

కొలంబియాలో గడిపిన ఏళ్లు ఆమెకు కలిసిరాలేదు. జాజ్ పాటలు, నాటకాల పాటలు, తీపి వయొలిన్ల మధ్య పాడించారు. గొంతు ఉంది గానీ ఆ గొంతు పుట్టిన చర్చి ఎక్కడా కనబడలేదు. అట్లాంటిక్ రికార్డు కంపెనీకి మారాక అక్కడి నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ చేసిన గొప్ప పని ఒక్కటే: ఆమెను మళ్లీ పియానో ముందు కూర్చోబెట్టాడు. 1967 జనవరిలో అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోకు తీసుకెళ్లాడు. తొలి పాట అద్భుతంగా వచ్చింది, రెండోది సగంలో ఉండగా గొడవలు ముదిరి, మర్నాడే ఆమె, భర్త తిరుగుముఖం పట్టారు. ఆ వాద్యకారులనే న్యూయార్క్‌కు రప్పించి పని కొనసాగించారు. ఫిబ్రవరి 14న పాడిన పాట "రెస్పెక్ట్". దాన్ని రాసి 1965లో పాడింది ఓటిస్ రెడ్డింగ్. పనినుంచి ఇంటికొచ్చే మగవాడు భార్యను గౌరవం అడుక్కునే పాట అది. అరీతా దాన్ని తలకిందులు చేసింది. అక్షరం అక్షరం విడదీసి పలికే ఆ ప్రసిద్ధ చరణం రెడ్డింగ్ పాటలో లేదు, అది అరీతా, ఆమె చెల్లెలు కలిసి చేర్చినదే. ఆ ఏడాది వేసవిలో అది అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. స్త్రీల పాటగా, పౌరహక్కుల పాటగా నిలిచిపోయింది. వీలైతే రెండు రికార్డులనూ కాస్త కాస్త, ఒకదాని వెంట ఒకటి వినిపించండి. ఒకే పాట పాడేవారిని బట్టి ఎంత మారుతుందో దానికన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు ఎల్విస్‌కూ అరీతాకూ ఉన్న చుట్టరికం. మజిల్ షోల్స్‌లో అరీతా వెనుక గిటార్ వాయించినవారిలో చిప్స్ మోమన్ ఒకడు, బేస్ వాయించినవాడు టామీ కాగ్‌బిల్. రెండేళ్ల తర్వాత, 1969 జనవరిలో, హాలీవుడ్ సినిమాల్లో ఏళ్ల తరబడి నీరసపడిన ఎల్విస్ మళ్లీ మనసు పెట్టి పాడదామని మెంఫిస్‌లో ఒక స్టూడియోకు వెళ్లాడు. ఆ స్టూడియో మోమన్‌ది. అక్కడి వాద్యబృందంలో కాగ్‌బిల్ ఉన్నాడు. ఎల్విస్ జీవితంలో చివరి గొప్ప రికార్డులు అక్కడే తయారయ్యాయి. అదే ఏడాది లాస్ వేగాస్ వేదిక మీదికి తిరిగి వచ్చినప్పుడు వంత పాడటానికి ఎన్నుకున్నది స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అనే నల్లజాతి స్త్రీల బృందాన్ని. ఆ బృందం అప్పటికే అట్లాంటిక్‌లో అరీతా పాటలకు వంత పాడుతోంది. 1977లో చివరి కచేరీ దాకా వాళ్లు ఎల్విస్‌తోనే ఉన్నారు. కవర్ మీద పేరు లేని ఇలాంటి మనుషుల ద్వారానే సంగీతం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతుంది. శ్రోతలకు ఈ పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు, చెప్పడం మాత్రం మానవద్దు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తొలి జాబితా ప్రకటించినప్పుడు అందులో ఎల్విస్ ఉన్నాడు, తొలినాటి ప్రేరకుల విభాగంలో రాబర్ట్ జాన్సన్ ఉన్నాడు, శామ్ ఫిలిప్స్, జాన్ హ్యామండ్ ఉన్నారు. మరుసటి ఏడాది అందులో చోటు దక్కిన తొలి మహిళ అరీతా.

2018 ఆగస్టు 16 ఉదయం, డెట్రాయిట్‌లోని తన ఇంట్లో, క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. వయసు 76. నిమిషాల్లో ప్రపంచానికి తెలిసింది. ఎల్విస్ వార్త కొన్ని గంటల్లో దేశాన్ని కుదిపేసింది, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రకటన చేశాడు. జాన్సన్ చావు కాగితం బయటపడటానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఒకే తేదీ మీద ఈ మూడు వార్తలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఎనభై ఏళ్లలో అమెరికాలో ఏం మారిందో వినేవారికి విడమర్చి చెప్పనక్కరలేదు.

ఆస్తుల కథ కూడా అలాంటిదే. జాన్సన్ పాటల పూర్తి సంకలనం 1990లో వచ్చి లక్షల్లో అమ్ముడుపోయాక వారసుడెవరన్న ప్రశ్న లేచింది. కంకర లారీ నడుపుకుని బతికిన ఒక పెద్దాయన అతని కొడుకేనని మిసిసిపీ కోర్టులు చివరికి 2000 నాటికి తేల్చాయి. ఎల్విస్ ఇల్లు 1982లో సందర్శకులకు తెరిచారు, అది నేటికీ యాత్రాస్థలం. అరీతా ఇంట్లో సోఫా దిండు కింద చేతిరాతతో దొరికిన 2014 నాటి వీలునామా చెల్లుతుందని 2023 జూలైలో మిషిగన్ జ్యూరీ తీర్పు చెప్పింది.

మిగతా సంఘటనలకు ఐదారు నిమిషాలు చాలు. మొదటిది 1962 నాటిది. లివర్‌పూల్‌లో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ తన ఆఫీసుకు పీట్ బెస్ట్‌ను పిలిచి, ఇక నువ్వు బీటిల్స్‌లో లేవని చెప్పాడు. రెండేళ్లుగా, హాంబర్గ్ రోజుల నుంచి డ్రమ్స్ వాయించిన మనిషి. జూన్‌లో రికార్డింగ్ విన్న నిర్మాత జార్జ్ మార్టిన్‌కు అతని వాయిద్యం నచ్చలేదు. మిగతా ముగ్గురూ అప్పటికే రింగో స్టార్‌ను కోరుకుంటున్నారు, కానీ ఆ మాట బెస్ట్ ముఖాన చెప్పడానికి ఒక్కరూ రాలేదు. రెండు రోజుల తర్వాత రింగో వచ్చి కూర్చున్నాడు. అభిమానులు కొట్లాటకు దిగితే జార్జ్ హ్యారిసన్ కన్ను కమిలింది. సంగీతపరంగా నిర్ణయం సరైనదే, చేసిన పద్ధతి మాత్రం బాధాకరం. 1995లో పాత రికార్డింగుల సంకలనం వచ్చినప్పుడు బెస్ట్‌కు రాయల్టీ రూపంలో మంచి మొత్తం అందడం ఆ కథలో కాస్త ఊరట.

1969 ఆగస్టు 16, శనివారం, న్యూయార్క్ రాష్ట్రంలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో రెండో రోజు. పండిట్ రవిశంకర్ తొలి రోజు రాత్రి వానలో, అల్లా రఖా తబలాతో వాయించారు కాబట్టి ఆయనను ఈ తేదీ కింద చెప్పవద్దు. శనివారం మధ్యాహ్నం వేదికెక్కిన సాంటానా బృందం తొలి ఆల్బమ్ అప్పటికి ఇంకా విడుదలే కాలేదు. వచ్చిన లక్షల మందిలో చాలామందికి వాళ్లెవరో తెలియదు, దిగేసరికి తెలియనివారు లేరు. అదే రోజు పాడిన క్యాన్డ్ హీట్ బృందం తన పేరును 1928 నాటి ఒక బ్లూస్ పాట నుంచి తీసుకుంది. ఆ పాట పాడింది ఎవరో కాదు, కూడలి కథకు అసలు సొంతదారైన టామీ జాన్సన్. జానిస్ జాప్లిన్, ద హూ పేర్లు శనివారం జాబితాలోనే ఉన్నా, వాళ్లు పాడేసరికి అర్ధరాత్రి దాటి 17వ తేదీ వచ్చేసింది. ఇలాంటి శీర్షికలు చేసేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం.

1974లో అదే తేదీన న్యూయార్క్‌లో సీబీజీబీ అనే చిన్న క్లబ్బులో రమోన్స్ అనే రాక్ బృందం తొలిసారి వాయించింది. రెండు నిమిషాలు దాటని పాటలు, ఊపిరి తీసుకోనివ్వని వేగం. పంక్ అనే ఆ రాక్ శైలి చరిత్రకు అదొక మొదటి మెట్టు. ఇక పుట్టినరోజులు: జాజ్ పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ 1929లో, మడోనా 1958లో. మడోనా పుట్టింది మిషిగన్‌లో, పెరిగింది డెట్రాయిట్ శివార్లలో. పేర్లు చెప్పి దాటిపోండి.

ఆ డెట్రాయిట్ శివార్లలో నేడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీకు అక్కడ బంధువులో స్నేహితులో ఉంటే, న్యూ బెథెల్ చర్చి ముందు నిలబడి అక్కడి వీధి ఎలా ఉందో ఫోనులో రెండు నిమిషాలు చెప్పి పంపమనండి. చర్చి ముందరి రోడ్డుకు ఇప్పుడు అరీతా తండ్రి పేరే పెట్టారు. మన వాళ్ల గొంతులో అక్కడి విశేషం వింటే శ్రోతలకు దూరం తగ్గుతుంది.

క్రమం విషయంలో నా సలహా: కార్నెగీ హాల్ వేదిక మీద గ్రామఫోనుతో మొదలుపెట్టి జాన్సన్ దగ్గరికి వెనక్కి వెళ్లండి. ఎల్విస్‌కు అరగంటలో ఐదో వంతుకు మించి ఇవ్వకండి. బీటిల్స్, వుడ్‌స్టాక్, రమోన్స్ మధ్యలో పెట్టి, అరీతాను చివరికి ఉంచండి. ప్రసార హక్కుల గురించి మీ రేడియో నిర్వాహకులను ముందే అడిగి, ఎంత నిడివి వినిపించవచ్చో తెలుసుకోండి. చివరి ఐదు నిమిషాలకు ఆమె 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్ట్ చర్చిలో రెండు రాత్రులు పాడిన గాస్పెల్ ఆల్బమ్ నుంచి ఏదైనా తీసుకోండి. రెండో రాత్రి ఆమె తండ్రి లేచి, తన కూతురు చర్చిని ఎన్నడూ విడిచిపెట్టలేదని సభకు చెబుతాడు, అది రికార్డులో ఉంది. సినిమా దర్శకుడు సిడ్నీ పొలాక్ ఆ రెండు రాత్రులనూ చిత్రీకరించాడు గానీ శబ్దాన్నీ బొమ్మనూ జతచేయడానికి గుర్తులు పెట్టుకోకపోవడంతో ఆ చిత్రం దశాబ్దాలు మూలన పడింది. చివరికి అది తెరమీదికి వచ్చింది 2018 నవంబరులో, ఆమె పోయిన మూడు నెలలకు. కార్యక్రమానికి ముందు మీరు దాన్ని ఒకసారి చూసి రండి, ఏ ముక్క వినిపించాలో మీకే తెలుస్తుంది.